మాస్టారి గోడ మీద వల కొలతలు

మా నాన్నకి చావు కబురు నేరుగా చెప్పడం రాదు. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి ముందు వాన సంగతి చెప్పాడు. తర్వాత గాలి ఎక్కువగా ఉందని, దీవుల మధ్య తిరిగే జహాజ్ కాన్సిల్ అయిందని, తన డింగీ పడవని పైకి లాగి కట్టేశానని చెప్పాడు. నేను ల్యాబ్‌కి బయల్దేరే హడావిడిలో ఉన్నాను. విసుక్కుంటూ అసలు సంగతేమిటో చెప్పమన్నాను.

"మేస్టారు ఎలిపోనారమ్మా. టీ తాగీసి కుర్చీలో కూకున్నారు. బస్, అంతే," అన్నాడు.

ఆయన మీలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. మాయాబందర్ బడిలో చాలా ఏళ్లు లెక్కలు, ఫిజిక్స్ చెప్పి, రిటైరయ్యాక పోర్ట్ బ్లెయిర్ వచ్చి, డిగ్నాబాద్‌లో మా ఇంటికి పైవరసలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. వరండాలో సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెప్పేవారు. ఆ పిల్లల్లో నేనొకదాన్ని. ఇప్పుడు మెయిన్‌లాండ్‌లో లేజర్లతో పని చేసుకుని బతుకుతున్నాను. అందరూ కష్టపడి పైకొచ్చింది అంటారు. నిజమే కానీ, నాకు కష్టపడటం కంటే ముందు ఆశ్చర్యపడటం నేర్పింది ఆయన.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే చెప్పేస్తాను. లేకపోతే నేనూ మా నాన్నలాగే వాన గురించి మాట్లాడుకుంటూ కూర్చుంటాను. నేను ఆయనకి ఒక అబద్ధం చెప్పాను. ఒకే ఒక్క మాట. ఈసారి వెళ్లినప్పుడు ఒప్పేసుకుందాం అని ఆరేళ్లు అనుకున్నాను. ప్రతిసారీ వెళ్లాను, టీ తాగాను, వచ్చేశాను. ఇక ఆ "ఈసారి" లేదు.

మా తాత శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి ఒక వలతో, ఇద్దరు తమ్ముళ్లతో ఈ దీవులకి వచ్చాడు. మాది మూడో తరం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. నాకు తెలుగు గడగడా మాట్లాడటం వచ్చు, రాయమంటే మాత్రం చెమటలు పట్టేవి. మాస్టారు అది పట్టేశారు. ఒక పేజీ లెక్క చేస్తే, ఏం చేశావో అర పేజీ తెలుగులో రాసి చూపించాలి. "గుర్తులు వాడి నన్ను మోసం చేయొచ్చు. మీ అమ్మకి అర్థమయ్యేలా రాయాలంటే మోసం కుదరదు," అనేవారు. అప్పట్లో అది శిక్షలా ఉండేది. ఈ నాలుగు మాటలు నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ శిక్ష పుణ్యమే.

పదకొండో క్లాసులో ఇంప్లిసిట్ డిఫరెన్షియేషన్ వచ్చింది. అంతవరకూ y ఎంతో చెబితే దాని మార్పు ఎంతో చెప్పడం నేర్చుకున్నాం. ఇప్పుడు y ఎంతో చెప్పరట. x, y రెండూ కలిసి ఒక సమీకరణంలో ఉంటాయట. విడదీయకుండానే ఒకటి కదిలితే రెండోది ఎంత కదులుతుందో చెప్పాలట. నాకు ఒళ్లు మండింది. మొహం చూడకుండా మనిషి ఎంత ఎత్తు పెరిగాడో చెప్పమన్నట్టుంది అని ఆయనతో వాదించాను. ఆయన నవ్వి, మీ ఇంట్లో పాత వల ముక్క ఏదైనా ఉంటే పట్రా అన్నారు.

నాన్న తాతగారి నూలు వలలోంచి ఒక ముక్క ఇచ్చాడు. అందరూ నైలాన్‌కి మారిపోయాక అది అటక మీద పడి ఉంది. మాస్టారు దాన్ని వరండా గోడకి మేకు కొట్టి వేలాడదీశారు. దారాల మధ్య ఉన్న ఒక కన్ను పట్టుకుని పైకీ కిందికీ లాగమన్నారు. లాగాను. కన్ను పొడుగైంది, సన్నబడింది.

"పొడుగు నీ చేతిలో ఉంది. వెడల్పు ఎవరి చేతిలో ఉంది?" అన్నారు.

ఎవరి చేతిలోనూ లేదు, దానంతటదే తగ్గుతోంది అన్నాను. ఎందుకు తగ్గుతోంది అన్నారు. దారం అంతే ఉంది కాబట్టి అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఆయన సుద్దముక్క నా చేతికిచ్చారు. కంటిలో సగం వెడల్పు x, సగం పొడుగు y, ముడికీ ముడికీ మధ్య దారం a. x వర్గం, y వర్గం కలిపితే a వర్గం. రెండూ ఒకే దారానికి కట్టుబడి ఉన్నాయి. ఒకటి ఇంత కదిలితే రెండోది ఇంత కదలక తప్పదు. విడదీయాల్సిన అవసరం ఏముంది? వల లాగేవాడు పొడుగునీ వెడల్పునీ విడదీసుకుని లాగుతాడా?

అప్పుడే ఆయన నాకు హాజరు నేర్పారు. డిఫరెన్షియేట్ చేసే ముందు సమీకరణంలో ఉన్న ప్రతి అక్షరాన్నీ పేరు పెట్టి పిలవాలి. నువ్వు కదులుతున్నావా, లేదా? x? కదులుతున్నాను. y? కదులుతున్నాను. a? లేదు, నేను దారాన్ని, అంతే ఉంటాను. కదిలేవాళ్లకే మార్పు రాయాలి, కదలనివాళ్లకి సున్నా. ఈ రోజుకీ ల్యాబ్‌లో ఏదైనా సమీకరణం రాశాక నా పెదాలు కదులుతాయి. పక్కవాళ్లు నేనేదో మంత్రం చదువుతున్నాననుకుంటారు.

ఆ సాయంత్రం నాన్న చేపలివ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. ఉన్నట్టుండి తల అడ్డంగా ఊపాడు.

"ఎండలో కొలిస్తే ఎలాగ మేస్టారూ. నీట్లోకి దిగితే నూలు బిగుసుకుపోద్ది. కన్ను చిన్నదైపోద్ది. దారం అంతే ఉంటాదని ఎవులు చెప్పీనారు మీకు?"

నాకు తల కొట్టేసినట్టయింది. లెక్కల మాస్టారికి ఎదురు చెబుతున్నాడు, అదీ చేపల బుట్ట చేత్తో పట్టుకుని. మాస్టారు మాత్రం లేచి నిలబడ్డారు. మొహం వెలిగిపోయింది. లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి వల మీద పోశారు. కాసేపు ఆగి, పది కళ్లు వరసగా లాగి పట్టి స్కేలు పెట్టారు. ఒక్క కన్ను కొలిస్తే తేడా కనబడదు, పది కలిపి కొలిస్తే దొరికిపోతుంది అని ఆయన లెక్క. నిజంగానే తగ్గింది, సెంటీమీటరుకి పైనే. పెన్సిల్ తీసి గోడ మీద రెండు గళ్లు గీశారు. ఒకదానిపైన "ఎండ", రెండోదానిపైన "వాన". కొలతలు రాశారు. నాన్నకేసి తిరిగి, "హాజరులో ఒకడిని నేను చూడకుండానే ఆబ్సెంట్ వేసేశాను భయ్యా," అన్నారు.

ఆ గోడ అక్కడితో ఆగలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు, వాన పడ్డప్పుడల్లా, ఎండ కాసినప్పుడల్లా ఆ పది కళ్లూ కొలిచి రాసేవారు. పెద్దమ్మ (మాస్టారి భార్యని నేను అలాగే పిలుస్తాను) సున్నం వేయిద్దామంటే ఒప్పుకునేవారు కాదు. అర్థం కాని కొలత ఏదైనా వస్తే కొట్టేసేవారు కాదు, పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టేవారు. "వచ్చింది వచ్చినట్టు రాయి. ఎందుకొచ్చిందో తర్వాత పోట్లాడుకుందాం," అనేవారు.

ఆయనకి అన్నీ ప్రశ్నలే. చౌల్దారీ నుంచి కూరగాయల బండి వస్తే, బేరం మానేసి, పొట్లకాయ చివర రాయి కడితే ఎంత పొడుగు సాగుతుందని బండివాడిని అడిగేవారు. బండివాడు "పతా నహీ మాస్టర్‌జీ" అంటే, కట్టి చూసి వచ్చేవారం చెప్పు అనేవారు. పెద్దమ్మ లోపలినుంచి కూర ఏం వండాలో ఎవరైనా చెబుతారా అని అరిచేది. మేం అడిగే ప్రశ్నలకి మాత్రం ఆయన దగ్గర తరచుగా వచ్చే జవాబు "నాకూ తెలియదు, పద చూద్దాం" అనే.

ఒకసారి కాంతి గురించి అడిగాను. ఎదురెదురుగా రెండు అద్దాలు పెడితే మధ్యలో కాంతి ఏమవుతుంది? ఆయన గేటు స్తంభానికి తాడు కట్టి రెండో కొస నా చేతికిచ్చి ఊపమన్నారు. మెల్లగా ఊపితే తాడంతా ఒకే ఉబ్బు. కొంచెం జోరు పెంచితే చిందరవందర. ఇంకొంచెం పెంచితే ఉన్నట్టుండి రెండు ఉబ్బులు, మధ్యలో కదలని ముడి. తర్వాత మూడు. రెండున్నర మాత్రం ఎంత ప్రయత్నించినా నిలబడలేదు. అద్దాల మధ్య కాంతికీ అదే కట్టుబాటు అన్నారు. వెళ్లి తిరిగొచ్చే దారిలో తరంగాలు లెక్కగా పూర్తిగా పట్టాలి. అరకొరగా పట్టేవి తమని తామే చెరుపుకుంటాయి. తరంగాల సంఖ్య m, తరంగదైర్ఘ్యం λ, అద్దాల మధ్య దూరం L అయితే mλ = 2L.

మరి ఒక ఉబ్బు పెరిగితే తరంగదైర్ఘ్యం ఎంత తగ్గుతుంది? హాజరు పిలిచాం. m కదులుతోంది, λ కదులుతోంది, L కదలదు. m ఒకటి పెరిగితే, λ దాదాపు తనలో m-వ వంతు తగ్గాలి. అంటే పక్కపక్క రంగుల మధ్య ఎడం తరంగదైర్ఘ్యపు వర్గాన్ని 2Lతో భాగిస్తే వచ్చేస్తుంది. జవాబులో మైనస్ గుర్తు చూసి ఆయన చాలా ముచ్చటపడ్డారు. వల కంటిలో కూడా అదే మైనస్ వచ్చింది చూశావా అన్నారు. అప్పటికి మేమిద్దరం చూసిన లేజర్ బజారులో అమ్మే ఎర్ర లైటు బొమ్మ ఒక్కటే.

తర్వాత నేను చదువుకని మెయిన్‌లాండ్ వెళ్లాను. చివరి ఏడాది ప్రాజెక్టులో నాకిచ్చింది ఒక లేజర్ చిప్పు. బియ్యపు నూకకంటే చిన్నది. దాని రెండు కొసలే అద్దాలు. అందులోంచి వచ్చే కాంతిని విడదీసి చూస్తే దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. ఆ పళ్ల మధ్య ఎడం కొలవాలి, సూత్రంతో సరిపోవాలి. చిప్పులో ఉన్నది గాలి కాదు కాబట్టి దాని వక్రీభవన గుణకం n కూడా వస్తుంది, mλ = 2nL. చిప్పు పొడవు రెండువందల యాభై మైక్రాన్లని కాగితం మీద ఉంది. లెక్క ప్రకారం ఎడం 0.34 నానోమీటర్లు రావాలి. నాకు 0.28 వచ్చింది. మళ్లీ కొలిచాను, 0.28. వారం రోజులు కొలిచాను.

రిపోర్టు ఇవ్వడానికి రెండే రోజులున్నాయి. అప్పుడు ఒక పాడు ఆలోచన వచ్చింది. చిప్పు పొడవు మూడువందలు అనుకుంటే లెక్క సరిగ్గా 0.28 అవుతుంది. అంత చిన్న చిప్పుని ఎవరు మళ్లీ కొలుస్తారు? నోటుబుక్కులో 250 మీద 300 దిద్దాను. పొడవు నేనే కొలిచానని కింద రాశాను. ఎందుకో ఆ పేజీనే ఫోటో తీసి మాస్టారికి పంపాను. మెచ్చుకుంటారనో, పట్టుకుంటారనో, నాకే తెలియదు. అప్పట్లో మా దీవులకి ఫోటో చేరాలంటే ఒక పూట పట్టేది. సాయంత్రం ఆయన నుంచి ఫోన్ వచ్చింది.

"ఈ పొడవు నువ్వే కొలిచావా అమ్మా?"

"కొలిచాను మాస్టారూ."

అదీ ఆ మాట. అప్పుడే లైను కట్ అయితే బాగుండును అనుకున్నాను. ఆయన మామూలు గొంతుతోనే, "సరే. హాజరు ఒక్కసారి మళ్లీ పిలువు. మీ నాన్న ఆ రోజు వల గురించి ఏమన్నాడో గుర్తు తెచ్చుకో," అని పెట్టేశారు.

నాకు కోపం వచ్చింది. దొంగకి వచ్చే కోపం అది. చేపల బుట్టకీ లేజర్‌కీ ఏమిటి సంబంధం అని విసుక్కుంటూనే కాగితం తీశాను. m కదులుతుంది. λ కదులుతుంది. L కదలదు. n? కదలదు అని రాయబోయి ఆగిపోయాను. దారం అంతే ఉంటాదని ఎవులు చెప్పీనారు? గాజులో అయినా, ఈ చిప్పులో అయినా ఒక్కో రంగుకి గుణకం ఒక్కోలా ఉంటుంది. ఇంద్రధనుస్సు వచ్చేదే అందువల్ల, చిన్న పిల్లలకి కూడా చెబుతారు. తరంగదైర్ఘ్యం కదిలితే దానితో పాటు n కూడా కదులుతుంది. నేను చూడకుండానే దానికి ఆబ్సెంట్ వేసేశాను. n ని కూడా కలిపి మళ్లీ డిఫరెన్షియేట్ చేస్తే, భాగించే చోట n ఒక్కటే కాక దాని మార్పు కూడా వచ్చి చేరింది. తరంగదైర్ఘ్యం పెరిగితే n తగ్గుతుంది కాబట్టి కింది అంకె పెద్దదవుతుంది, ఎడం చిన్నదవుతుంది. పుస్తకంలోంచి ఆ మార్పు విలువ తీసి వేశాను. 0.28.

చిప్పు పొడవు రెండువందల యాభైయే. నా కొలత తప్పు కాదు. నేనే దాన్ని నమ్మక, అబద్ధపు పొడవుతో కప్పేయబోయాను. ఆ పేజీ అలాగే ఉంచి, 300 మీద ఒక గీత కొట్టి, పక్కన 250 రాసి, నేను కొలిచానన్న వాక్యం కూడా కొట్టేశాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. "మాస్టారూ, రెండువందల యాభైతోనే సరిపోయింది," అన్నాను. నిన్న చెప్పింది అబద్ధమని మాత్రం అనలేకపోయాను. ఆయన ఎంతో సంతోషించి, అసలు రంగుని బట్టి గుణకం ఎందుకు మారాలి, పదార్థంలో ఎవరు కదులుతున్నారు అని అడగడం మొదలుపెట్టారు. అరగంట మాట్లాడుకున్నాం. సిగ్గు ఆ సంతోషం కింద పడిపోయింది. మళ్లీ పైకి లాగడం నా వల్ల కాలేదు.

సెలవులకి వెళ్లినప్పుడు ఆ దువ్వెన పళ్ల గ్రాఫు కాగితం మీద అచ్చు తీయించి తీసుకెళ్లాను. ఆయన దాన్ని వరండాలో నేల మీద పరిచి, బోర్లా పడుకుని స్కేలు పెట్టారు. ఎడమవైపు పది ఎడాలు కలిపి కొలిచారు, కుడివైపు పది కలిపి కొలిచారు. కుడివైపువి ఒక మిల్లీమీటరంత ఎక్కువొచ్చాయి. "ఎడాలన్నీ ఒకటి కావు! పెద్ద తరంగదైర్ఘ్యం వైపు ఎడం పెరుగుతోంది," అని పెద్దమ్మని పిలిచి మరీ చూపించారు. నేను ఏడాది పాటు ఆ గ్రాఫు చూశాను. అవన్నీ సమానమనే అనుకున్నాను. సూత్రంలో తరంగదైర్ఘ్యపు వర్గం ఉందని తెలిసి కూడా అనుకున్నాను. ఆయన డెబ్బై దాటిన వయసులో, బజారు స్కేలుతో, అరగంటలో చూశారు. ఆ రోజు చెప్పేయాల్సింది. నేల మీద ఆయన పక్కన నేనూ బోర్లా పడుకునే ఉన్నాను, అంతకంటే దగ్గరగా ఎవరు ఉంటారు? చెప్పలేదు.

కబురు తెలిసిన మూడో రోజుకి విమానంలో చోటు దొరికింది. నేను వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. వాన తగ్గలేదు. పెద్దమ్మ వరండాలో ఆయన కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. కుర్చీలో కూర్చోమంది, నేను నేల మీద కూర్చున్నాను. ఇక ఆగలేక ఆవిడకే చెప్పేశాను, చిప్పు పొడవూ, దిద్దిన అంకె, కొలిచానన్న మాటా. సగంలోనే ఏడుపొచ్చింది.

ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది.

"ఆయనకి తెలుసమ్మా. దిద్దింది ఫోటోలో కనబడింది కదా. నువ్వు కొలిచానన్నావట. ఫోన్ పెట్టేసి ఆ పూట అన్నం ముట్టలేదు. చెడామడా తిట్టొచ్చు కదా అన్నాను. 'తనే చూసుకుంటుంది, రేపు ఫోన్ వస్తుంది చూడు' అన్నారు. మర్నాడు నీ ఫోన్ వచ్చింది. ఏమందని అడిగితే, 'రెండువందల యాభైతోనే అంది' అన్నారు. ఆ 'తోనే' మాట నాలుగుసార్లు చెప్పుకున్నారు. మధ్యాహ్నం చేపల కూర రెండుసార్లు వేయించుకున్నారు."

ఆరేళ్లుగా నేను దాచుకున్నది ఆయన దగ్గర భద్రంగానే ఉంది. నాకు ఏడుపు ఆగింది, సిగ్గూ కృతజ్ఞతా కలిసిపోయాయి, తల తిప్పి గోడకేసి చూశాను.

తాతగారి వల ఆ మేకుకే వేలాడుతోంది. వాన జల్లు కొట్టి నీళ్లు కారుతున్నాయి. గోడ మీద పెన్సిల్ అంకెలు కిటికీ దాకా వచ్చేశాయి. ఎండ గడిలో అన్నీ నలభై ఒక్క సెంటీమీటర్లకి అటూ ఇటూ, వాన గడిలో అన్నీ ముప్పైతొమ్మిదికి కాస్త పైన. ఆఖరి కొలత పక్కన ఆయన పోవడానికి ముందురోజు తేదీ ఉంది. స్కేలు పక్కనే దారానికి కట్టి ఉంది. పెద్దమ్మ నన్నే చూస్తోంది.

లేచి పది కళ్లు లాగి పట్టాను. 39.9. ఆ గడిలో ఎక్కడా అంత పెద్ద అంకె లేదు. మళ్లీ కొలిచాను. అదే. నూలు ముసలిదై ఇక బిగుసుకోవడం మానేసిందా, జల్లు సగమే తడిపిందా, నా చెయ్యి ఎక్కువ లాగుతోందా? ఒక్క క్షణం 39.3 అని రాసేస్తే గోడ ఎంత చక్కగా ఉంటుందో అనిపించింది.

పెన్సిల్ తీసుకుని, ఆయన ఆఖరి అంకె కింద 39.9 అని రాసి, పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టాను. వల చివరినుంచి నీటి చుక్క ఒకటి జారి స్కేలు మీద పడింది.